కొత్త వంటపాత్రలను మిక్వేలో ముంచడం ఎలా: యూదుల ఇళ్ళలో పాటించే పద్ధతి

యూదు ధర్మాన్ని నిష్ఠగా పాటించే ఇంట్లో, బజారు నుంచి తెచ్చిన కొత్త గిన్నె నేరుగా పొయ్యి మీదికి ఎక్కదు. ముందు దానిని మిక్వే అనే నీటి కుండంలో పూర్తిగా మునిగేలా ముంచి తీయాలి. హీబ్రూలో ఈ ఆచారానికి తెవిలత్ కెలీమ్ అని పేరు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో యూదు ఆచారాలు పాటించే తెలుగు కుటుంబాలు ఉన్నాయి. ఇశ్రాయేలులో వృద్ధులను చూసుకునే పనుల్లో ఉండి, యజమానుల కోషర్ (యూదు ఆహార నియమాలకు తగిన) వంటగదిని కూడా చూసుకునే తెలుగువారూ ఉన్నారు. వీరిద్దరినీ దృష్టిలో పెట్టుకుని ఈ పద్ధతిని మొదటి నుంచి చివరి వరకు వివరిస్తున్నాను. ముంచడానికి పట్టేది క్షణకాలమే అయినా, నీటికీ పాత్రకూ మధ్య ఏమీ అడ్డు లేకుండా చేసుకోవడానికి చాలా శ్రద్ధ కావాలి. అందుకే ఈ వివరణలో ఎక్కువ భాగం ముంచడానికి ముందు చేయవలసిన పని గురించే ఉంటుంది.

ఈ ఆచారానికి మూలం యూదుల ధర్మగ్రంథమైన తోరాలోని సంఖ్యాకాండము 31వ అధ్యాయం, 22, 23 వచనాలు. మిద్యానీయులతో యుద్ధం ముగిసి సైనికులు తిరిగి వచ్చినప్పుడు, యాజకుడైన ఎలియాజరు బంగారం, వెండి, కంచు, ఇనుము, తగరం, సీసం అనే ఆరు లోహాల పేర్లు చెప్పి, వాటిలో నిప్పుకు తట్టుకునే వాటిని నిప్పులో శుద్ధి చేయాలనీ, ఆపైన నీటితో కూడా శుద్ధి చేయాలనీ ఆదేశించాడు. యూదు ధర్మచర్చల ప్రాచీన సంకలనమైన తల్ముద్‌లోని అవోదా జరా అనే భాగం ఈ మాటలను చర్చించి, యూదులు కాని వారి నుంచి కొన్న పాత్ర ఒక్కసారి కూడా వాడని సరికొత్తదైనా సరే, దానిని మిక్వేలో ముంచవలసిందేనని తేల్చింది. ఆ పాత్ర ఇప్పుడు ఇశ్రాయేలు పవిత్రతలోకి ప్రవేశిస్తున్నది కాబట్టి ఈ విధి అని యెరూషలేము తల్ముద్ కారణం చెబుతుంది. యూదు ధర్మంలో చేరే మనిషి కూడా మిక్వేలో మునగాలన్న నియమాన్ని దీని పక్కన పెట్టి చూస్తే, ఆ కారణం ఎంత గంభీరమైనదో అర్థమవుతుంది.

ఇక్కడ చాలామంది పొరపడే విషయం ఒకటి ఉంది. ముంచడం వేరు, పాత్రను కోషర్ చేయడం వేరు. నిషిద్ధమైన ఆహారం వండిన పాత గిన్నెను ఎన్నిసార్లు మిక్వేలో ముంచినా అది కోషర్ కాదు. దానిని ముందు, అది వాడిన తీరును బట్టి, మరిగే నీటిలో ఉంచి గానీ నిప్పుతో ఎర్రగా కాల్చి గానీ కోషర్ చేయాలి. ఆ తరువాతే ముంచాలి. ఈ వరుసను తారుమారు చేయకూడదు.

ఏ పాత్రను ముంచాలి

పాత్రను చేతిలోకి తీసుకుని మూడు ప్రశ్నలు వేసుకోండి: ఇది ఎవరిది, దీనిని దేనికి వాడతాను, ఇది దేనితో చేసినది.

యూదులు తయారుచేసి, మీ చేతికి వచ్చే వరకు యూదుల యాజమాన్యంలోనే ఉన్న పాత్రకు ఈ విధి లేదు. యూదులు కాని వారి నుంచి అద్దెకో అరువుకో తెచ్చుకున్న పాత్రకు కూడా లేదు. కొనుగోలు గానీ బహుమతి గానీ జరిగి, పాత్ర యూదుల సొంతమైతేనే ఈ విధి వర్తిస్తుంది. కాబట్టి యూదు యజమాని ఇంట్లో పనిచేసే, యూదులు కాని తెలుగువారు తమ కోసం కొనుక్కున్న కంచాన్నీ గ్లాసునూ ముంచవలసిన అవసరం లేదు. అయితే ఆ ఇంటి వంటగదిలో ఏ పాత్రలో ఏమి వండవచ్చు, మాంసపు పాత్రలు ఏవి, పాల పాత్రలు ఏవి అన్న నియమాలు వేరుగా ఉంటాయి. వాటిని యజమానిని అడిగి తెలుసుకోవాలి.

ఆహారానికి నేరుగా తగిలే వస్తువులకే ఈ నియమం. గిన్నె, మూకుడు, పెనం, గరిటె, అట్లకాడ, చెంచా, కంచం, గ్లాసు, చాకు, టీ కెటిల్, ఇడ్లీ రేకులు అన్నీ ఇందులోకి వస్తాయి. డబ్బా మూత తెరిచే ఓపెనర్, వేడి గిన్నెల కింద పెట్టే లోహపు స్టాండ్, ఆహారం నేరుగా తగలని ఓవెన్ కడ్డీలు రావు. పిండి జల్లించే జల్లెడ లాంటివి సందేహంలో పడతాయి. అందులో పడే పిండి ఇంకా తినదగిన స్థితికి రాలేదు కాబట్టి, వీటి విషయంలో మీ రబ్బీ, అంటే యూదు మతగురువు, చెప్పినట్టు చేయండి.

ఇక పదార్థం సంగతి. ఇనుము, స్టీలు, ఇత్తడి, రాగి, వెండి పాత్రలను ఆశీర్వచనం (ముంచే ముందు చెప్పే దైవస్తుతి, దాని మాటలు కింద ఇచ్చాను) చెప్పి ముంచాలి. అల్యూమినియం పేరు తోరా చెప్పిన ఆరు లోహాలలో లేకపోయినా, దానిని కూడా ఆశీర్వచనంతోనే ముంచడం వాడుకలో ఉంది. నాన్‌స్టిక్ పెనం పైపూత ఏదైనా, లోపల ఉన్నది లోహమే కాబట్టి దానిని కూడా ముంచాలి. గాజు విషయంలో తల్ముద్ ఇచ్చిన కారణం నాకు చాలా ఇష్టం: పగిలిన గాజును కరిగించి మళ్ళీ పాత్రగా చేయవచ్చు, లోహాన్నీ అలాగే చేయవచ్చు, కాబట్టి గాజు కూడా లోహంతో సమానమే. అందువల్ల గాజు గ్లాసులను, గాజు కంచాలను, ఓవెన్‌లో పెట్టే గాజు పాత్రలను ఆశీర్వచనంతో ముంచుతారు.

నున్నటి మెరుపు పూత ఉన్న పింగాణీని ముంచాలి కానీ ఆశీర్వచనం చెప్పరు; ఆ పూత గాజు లాంటిదా కాదా అన్న సందేహమే ఇందుకు కారణం. పూత లేని మట్టికుండకు, చెక్క గరిటెకు, రాతి రోలుకు ఈ విధి లేదు. ప్లాస్టిక్‌కు కూడా అవసరం లేదని ఎక్కువమంది రబ్బీల మాట, కొందరు మాత్రం ఆశీర్వచనం లేకుండా ముంచుతారు. సరుకులు నిల్వ చేయడానికే తప్ప వడ్డనకు రాని లోహపు డబ్బాలను, గాజు సీసాలను ఆశీర్వచనం లేకుండా ముంచుతారు. ఒక్కసారి వాడి పారేసే అల్యూమినియం ట్రేలకు అవసరం లేదని న్యూయార్క్‌లో జీవించిన రబ్బీ మోషే ఫైన్‌స్టైన్ తీర్పు చెప్పారు. కడిగి మళ్ళీ మళ్ళీ వాడే ఉద్దేశం ఉంటే మాత్రం వాటిని కూడా ముంచడం మంచిదని చెప్పేవారు ఉన్నారు. ఎనామిల్ పూత వేసిన ఇనుప గిన్నెలను ముంచండి. ఆశీర్వచనం చెప్పాలా వద్దా అన్నది ముందుగా రబ్బీని అడగండి.

పాత్రను సిద్ధం చేయడం

పాత్ర ఉపరితలం అంతటికీ నీరు ఒకేసారి తగలాలి. మధ్యలో అడ్డుపడే దేనినైనా హత్సిత్సా అంటారు. పాత్రలో ఎక్కువ భాగాన్ని కప్పిన అడ్డు గానీ, చిన్నదే అయినా యజమానికి ఇష్టం లేని అడ్డు గానీ ఉంటే ముంచినా ప్రయోజనం ఉండదు. ధర చీటీ, దాని కింద మిగిలే జిగురు, తుప్పు, మడ్డి, పిడికి చుట్టిన ప్లాస్టిక్ కాగితం, మూత అంచున ఇరుక్కున్న అట్టముక్క వంటివన్నీ తీసేయాలి.

స్టీలు పాత్ర మీద చీటీ తీయడం తేలిక పని కాదని ప్రతి తెలుగు ఇంటికీ తెలుసు. గోటితో గీకితే పై కాగితం ముక్కలుగా ఊడి, కింది జిగురు పొర అలాగే ఉండిపోతుంది. దానికి బదులు, చీటీ ఉన్న చోటికి వెనకవైపు నుంచి సన్నని సెగ తగిలేలా గిన్నెను కాసేపు పట్టుకుని, వేడిగా ఉండగానే చీటీ అంచును చాకు మొనతో లేపి నెమ్మదిగా లాగండి. చాలావరకు మొత్తంగా ఊడి వస్తుంది. ఖాళీ గిన్నెను ఇలా వేడి చేయడం వంటకు వాడడం కిందికి రాదు. మిగిలిన జిగురు మీద వంటనూనె రాసి కొంతసేపు ఉంచి, పీచుతో రుద్ది, సబ్బుతో జిడ్డు పోయేలా కడగండి. గాజు మీద మొండి జిగురు ఉంటే గోళ్ళ రంగు తీసే ద్రావకం పనిచేస్తుంది, కానీ తరువాత బాగా కడగాలి. చివరగా వెలుతురులో పాత్రను తిప్పి చూస్తూ వేలితో తడమండి. కంటికి కనిపించని జిగురు వేలికి తెలుస్తుంది.

కంపెనీ పేరు పాత్ర మీదే అచ్చు వేసి ఉంటే, లేదా అలంకారం కోసం శాశ్వతంగా ఉంచుకునే ముద్ర అయితే, దానిని తీయవలసిన పని లేదు. మన వాళ్ళు గిన్నెల మీద చెక్కించే పేర్లు కూడా అడ్డు కావు, అవి లోహంలోనే ఉన్నాయి కాబట్టి.

ప్రెషర్ కుక్కర్ మూత లోపలి రబ్బరు రింగును, పైన వెయిట్‌ను విడదీయండి. రింగును అలాగే వదిలేస్తే దాని కింది లోహానికి నీరు చేరదు. కర్ర పిడి ఉన్న చాకును పిడితో సహా ముంచాలి; లోహపు భాగం మాత్రమే ముంచితే సరిపోదు. తడి ఉన్నా ఇబ్బంది లేదు, ముంచే ముందు పాత్రను తుడిచి ఆరబెట్టనవసరం లేదు.

ఎక్కడ ముంచాలి

మిక్వేలో కనీసం 40 సెయాల (సెయా అనేది ప్రాచీన యూదు కొలత) నీరు ఉండాలి. ఆ కొలతను రబ్బీ హయీమ్ నాయే లెక్క ప్రకారం సుమారు 332 లీటర్లుగా, హజోన్ ఈష్ అనే పేరుతో ప్రసిద్ధులైన రబ్బీ లెక్క ప్రకారం సుమారు 573 లీటర్లుగా చెబుతారు. అది వాననీరు సహజంగా చేరి నిలిచినదో, భూమి నుంచి ఊరినదో అయి ఉండాలి. బకెట్లతో తోడి పోసిన నీరు పనికిరాదు. అందువల్ల ఇంట్లో స్నానాల తొట్టి ఎంత పెద్దదైనా, కొళాయి నీటితో నింపిన ఈతకొలను ఎంత లోతైనా ఈ పనికి చెల్లవు.

ఇశ్రాయేలులోని యెరూషలేము, బ్నే బ్రాక్, న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ లాంటి చోట్ల పాత్రల కోసమే ప్రత్యేకించిన మిక్వేలు ఉంటాయి. అలాంటి చోటు దగ్గరలో లేనివారికి సముద్రం ఉంది. సముద్రమంతా మిక్వే లెక్కే. కొత్తరెడ్డిపాలెం వైపు వారికి బాపట్ల దగ్గరి సూర్యలంక తీరం అందుబాటులో ఉంటుంది. అలలు తక్కువగా ఉన్నప్పుడు, పాత్ర పూర్తిగా మునిగేంత లోతులో ముంచండి. ఊట ఉన్న బావి కూడా పనికివస్తుంది, కానీ పాత్రను బావిలోకే దించి ముంచాలి. చేదతో తోడిన నీటిలో కాదు. వలసంచిలో వదులుగా పెట్టి తాడుతో దించితే సరిపోతుంది. నదుల విషయం అంత సులువు కాదు. పారే నీరు వానవల్ల ఎంత, ఊటవల్ల ఎంత అన్నది కాలాన్ని బట్టి మారుతుంది కాబట్టి, కృష్ణ అయినా మరే నది అయినా రబ్బీని అడగకుండా అందులో ముంచకండి.

ముంచే తీరు

షబ్బాత్ (శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం రాత్రి వరకు ఉండే విశ్రాంతి దినం) నాడు, పండుగ దినాల్లో ముంచకూడదు. మిగిలిన రోజుల్లో పగలైనా రాత్రైనా ఫరవాలేదు. తీసుకువెళ్ళేటప్పుడు రంధ్రాలున్న ప్లాస్టిక్ బుట్ట ఒకటి, తువ్వాలు, గాజు సామాను చుట్టడానికి పాత వార్తాపత్రికలు వెంట పెట్టుకోండి. మిక్వే మెట్లు ఎప్పుడూ తడిగా ఉంటాయి, గాజు సామాను పట్టుకుని దిగేటప్పుడు జాగ్రత్త.

ఆశీర్వచనం అవసరమైనవి ఒక పక్క, అవసరం లేనివి మరో పక్క పెట్టుకుని, మొదట నిస్సందేహమైన స్టీలు లేదా గాజు పాత్రను తీసుకోండి. ఆ ఒక్క ఆశీర్వచనంతోనే మిగిలిన వాటన్నింటినీ వరుసగా ముంచవచ్చు. ఒక్క పాత్రే ఉంటే ఇలా చెప్పాలి: బారుఖ్ అతా అదొనాయ్ ఎలోహేను మెలెఖ్ హాఓలామ్, అషెర్ కిద్దెషాను బెమిత్స్వోతావ్ వెత్సివ్వాను అల్ తెవిలత్ కెలీ. ఎక్కువ పాత్రలుంటే చివర కెలీ స్థానంలో కెలీమ్ అనాలి. తన ఆజ్ఞలతో మమ్మల్ని పవిత్రపరచి, పాత్రలను ముంచమని ఆజ్ఞాపించిన విశ్వరాజైన మా దేవునికి స్తుతి అని దీని భావం. ఆశీర్వచనానికీ మొదటి పాత్రను ముంచడానికీ మధ్య మరో మాట మాట్లాడకూడదు.

ముందు మీ చేతిని మిక్వే నీటిలో తడపండి. తడి చేతితో పాత్రను వదులుగా పట్టుకుని, అంచు కూడా పైకి కనిపించకుండా మొత్తం మునిగేలా ముంచి తీయండి. గట్టిగా పిడికిలి బిగిస్తే వేళ్ళ కింద నీరు చేరదు. ఒకసారి ముంచితే చాలు. మూడుసార్లు ముంచే అలవాటు ఉన్నవారూ ఉన్నారు.

సన్నమూతి సీసాల దగ్గరే ఎక్కువ శ్రద్ధ కావాలి. సీసాను తలకిందులుగా దించితే లోపలి గాలి బయటికి పోదు, ఆ మేరకు లోపలి గోడకు నీరు తగలదు. అలా ముంచినది ముంచినట్టు కాదు. సీసాను కొద్దిగా ఏటవాలుగా పట్టుకుని మూతిని పైకి ఉంచి నీటిలోకి దించండి. బుడబుడమంటూ బుడగలు పైకి వస్తాయి. అవి పూర్తిగా ఆగి, సీసా అంచు వరకు నిండిన తరువాత కూడా అది నీటి లోపలే ఉండాలి; ఆ స్థితిలో ఒకసారి అటూ ఇటూ కదిపి, భుజం దగ్గర దాగిన చివరి బుడగను కూడా పోనిచ్చి, అప్పుడు బయటికి తీయండి. ఫ్లాస్కుకు, కెటిల్ కొమ్ముకు కూడా ఇదే పద్ధతి. బోర్లించిన గిన్నెలో కూడా గాలి చిక్కుతుందని మరచిపోకండి.

చెంచాలు, ఫోర్కులు బుట్టలో వేసి ఒకేసారి ముంచవచ్చు, కానీ ఒకదానికొకటి అతుక్కుని ఉండకుండా పలచగా పరచి, నీటి లోపల బుట్టను కుదపాలి. ఒకదానిలో ఒకటి దూర్చిన గ్లాసులను అలాగే ముంచకండి.

ఈ పని పురుషులైనా స్త్రీలైనా చేయవచ్చు. పిల్లలు ముంచితే పెద్దవారు చూస్తూ ఉండాలి, వారి మాట మీదే ఆధారపడకూడదు. యూదులు కాని సహాయకులు పాత్రలు మోయవచ్చు, చీటీలు తీయవచ్చు, యజమాని కళ్ళెదుట ముంచి ఇవ్వవచ్చు కూడా. అయితే కనీసం మొదటి పాత్రను యజమాని స్వయంగా ఆశీర్వచనంతో ముంచడం మంచిది.

కరెంటు పరికరాలు

విడదీయగలిగే భాగాలున్న పరికరాలతో చిక్కు లేదు. మిక్సీ స్టీలు జార్లనూ మూతలనూ ముంచి, మోటారు ఉన్న అడుగు భాగాన్ని వదిలేయండి. రైస్ కుక్కర్‌లో అన్నం ఉడికే లోపలి గిన్నెను, ఎయిర్ ఫ్రయర్‌లో బుట్టను ముంచితే చాలు. వెట్ గ్రైండర్‌లో రాళ్ళకు విధి లేదు కానీ, స్టీలు డ్రమ్ము సంగతి వేరు. దాని గురించి అడిగి తెలుసుకోండి.

కరెంటు కెటిల్, నీళ్ళు కాచే అర్న్, సాండ్‌విచ్ మేకర్ లాంటి వాటిలో వేడి చేసే భాగం, ఆహారం తగిలే భాగం విడిపోవు. వీటి గురించి రబ్బీల మధ్య నిజమైన అభిప్రాయభేదం ఉంది. గోడ ప్లగ్గుకు తగిలిస్తే తప్ప పనిచేయని పరికరం భూమికి అతికి ఉన్నదానితో సమానమని, అందువల్ల దానికి ఈ విధి లేదని జ్యూరిక్ రబ్బీ మొర్దెఖాయ్ యాకోవ్ బ్రైష్ వాదించారు. చాలామంది ఆ వాదాన్ని అంగీకరించక, ముంచవలసిందేనంటారు. ముంచితే పరికరం పాడవుతుందన్న భయం ఉన్నవారికి మరో దారి ఉంది: యూదు మెకానిక్ దానిని పనికిరానంతగా విప్పి, నైపుణ్యంతో మళ్ళీ బిగిస్తే అది యూదులు తయారుచేసిన వస్తువు అవుతుంది. ఊరికే ఒక మరను విప్పి బిగిస్తే సరిపోదు.

ముంచాలని నిర్ణయించుకుంటే, మీటలూ తెరలూ లేని సాదా కెటిల్‌ను ఎంచుకుని కొనడం నా దృష్టిలో అన్నింటికంటే తెలివైన పని. ముంచిన తరువాత నీరంతా వంపి, ఎండలోనో గాలి బాగా ఆడే చోటో కనీసం మూడు రోజులు తలకిందులుగా ఆరబెట్టండి. లోపల చెమ్మ ఏమాత్రం ఉందనిపించినా ప్లగ్గు పెట్టకండి, షాక్ కొట్టే ప్రమాదం ఉంది. బ్యాటరీ లోపలే బిగించి ఉన్న పరికరాలను నీటిలో పెట్టనే పెట్టకండి. తడి తగిలిన పరికరానికి వారంటీ వర్తించకపోవచ్చునన్నది కూడా కొనే ముందే ఆలోచించుకోవాలి.

ముంచని పాత్రతో ఇబ్బంది వస్తే

ముంచని పాత్రను ఒక్కసారి కూడా వాడకూడదు. పొరపాటున వండితే ఆ వంట నిషిద్ధం కాదు. దానిని తీసి ముంచిన పాత్రలోకి మార్చి తినవచ్చు, ఆ తరువాత పాత్రను కడిగి ముంచాలి. షబ్బాత్ మొదలయ్యాక ముంచని గిన్నె తప్ప మరొకటి లేదని తెలిస్తే, దానిని యూదులు కాని వారికి నిజంగా బహుమతిగా ఇచ్చి, వారి నుంచి అరువు తీసుకుని వాడుకోవచ్చని 16వ శతాబ్దపు రబ్బీ యోసెఫ్ కారో తన ధర్మశాస్త్ర గ్రంథం షుల్ఖాన్ అరూఖ్‌లో రాశారు. ఇశ్రాయేలు ఇళ్ళలో పనిచేసే మనవారికి ఎప్పుడైనా యజమాని ఇలా గిన్నెను చేతిలో పెట్టి ఇది నీదే, ఇప్పుడు మాకు అరువు ఇవ్వు అంటే, అది వేళాకోళం కాదని గ్రహించి, గిన్నెను చేతిలోకి తీసుకుని అంగీకరించి, వాడుకోమని తిరిగి ఇవ్వండి. అది శాశ్వత ఏర్పాటుగా ఉండిపోకూడదు కాబట్టి, తరువాత యజమాని ఆ గిన్నెను మీ నుంచి తిరిగి తీసుకుని ముంచడం మామూలే.

ముంచినవీ ముంచవలసినవీ కలిసిపోకుండా రెండు వేర్వేరు అట్టపెట్టెలలో ఉంచి పైన రాసిపెట్టుకోండి. ఒక పాత్ర గురించి సందేహం వస్తే ఆశీర్వచనం లేకుండా మళ్ళీ ముంచండి. బహుమతిగా ఇచ్చే పాత్రను ఇచ్చేవారు కాక, అందుకున్నవారు ముంచుకోవడం మేలు. ఒకసారి సరిగ్గా ముంచిన పాత్రకు ఆ ఇంట్లో ఉన్నంతకాలం మళ్ళీ ఆ పని ఉండదు. దానిని యూదులు కాని వారికి అమ్మి తిరిగి కొన్నా, చిల్లు పడి నీరు నిలవని స్థితికి వచ్చాక యూదులు కాని పనివారితో మాటు వేయించినా, కొత్త పాత్రలాగే మళ్ళీ ముంచాలి.